గాజు వెనక ఎండ

మొదటి రోజే చెప్పింది మామా బదరియా:
దాని పేరు జుమురుద్,
అది చస్తే మిషారి అన్నం ముట్టడు.
మిషారికి తొమ్మిదేళ్లు.
సంతలో కొన్నప్పుడు ఇగ్వానా జానెడేనట,
ఇప్పుడు తోకతో కలిపి రెండు మూరలు దాటింది.
తొండ ముదిరితే ఊసరవెల్లి అంటారు మా చిట్వేలిలో,
ఏది ముదిరితే ఇదయిందో
ఆ పూట నాకు తెలియలేదు.

నాకు ముందున్న సిలోను మనిషి
దానికి ఉడికిన కోడిగుడ్డు పెట్టేదట,
పిల్లి మేత కూడా.
ప్రేమతోనే పెట్టుంటుంది.
ఆకు తినే ప్రాణికి గుడ్డు విషమని
ఆమెకు మాత్రం ఎవరు చెప్పారు గనక.

మూడో నెలలో దాని కాలివేళ్లు వణికాయి.
చలేమోనని ఏసీ తగ్గించాను.
దవడ కింద వేలు పెట్టి ఎత్తితే
నానిన చింతబరికెలా వంగింది.

ఇద్రీస్ డాక్టరు ఎక్స్‌రేను వెలుతురుకు పట్టి
చూడు, అన్నాడు.
ఎముకలున్న చోట పొగ ఉంది.
పెట్టెలో దీపం ఉంది కదా, అన్నాను.
ఎప్పుడు మార్చారు?
మాడిపోతే కదా మార్చేది!
ఆయన నవ్వలేదు.
ఆ దీపం వెలుగుతూనే ఉంటుందట,
పని మాత్రం ఆరు నెలలకే మానేస్తుందట.
కిటికీ పక్కనే పెడతాం, పొద్దంతా ఎండే, అన్నాను.
గాజు వెలుతురును రానిస్తుంది గానీ
ఎముకకు కావలసిందాన్ని బయటే నిలబెడుతుందట.
ఆయన అరబ్బీలో సగమే అర్థమయింది నాకు.
ఆ సగంతోనే రాత్రి నిద్ర పట్టలేదు.

అప్పటినుంచి పొద్దున్నే ఆకు తరుగుతాను.
జర్జీరు, మలయాళీ కొట్లో మునగాకు,
గుమ్మడి తురుము, పైన చిటికెడు సున్నం పొడి.
పాలకూర వద్దు. గోంగూర అసలే వద్దు,
ఆ పులుపు సున్నాన్ని పట్టేసుకుంటుంది.
గోంగూర వద్దనాల్సిన నోటిని
నా జన్మలో ఇదొక్కటే చూశాను.

సాయంత్రం తొట్టెలో గోరువెచ్చని నీళ్లు,
చంటిబిడ్డకు చూసినట్టు మోచేత్తో చూసి.
ఏసీ గాలికి పొర ఊడక వేళ్లకు బిగుసుకుంటుంది.
తడిగుడ్డతో నానబెట్టాలే గానీ లాగకూడదు,
లాగితే పొరతో పాటు వేలూ పోతుంది.

పెట్టెలో ఒక మూల ముప్పై అయిదు డిగ్రీలు,
ఇంకో మూల ఇరవై ఆరు.
ఏ మూల కావాలో అదే ఎంచుకుంటుంది.
ఈ ఇంట్లో ఆ వీలు
దానికొక్కదానికే.

మొదట్లో దగ్గరికెళితే తోకతో కొట్టేది,
చేతి మీద రెండు వారాలు వాత.
ఇప్పుడు భుజమెక్కితే దిగదు.
ఉడుంపట్టంటే ఏంటో
ఉడుము లేని దేశంలో తెలిసింది.

చలికాలం మొదట్లో నా మోకాళ్లు మొరాయించాయి.
మెట్లు దిగుతుంటే గోడ పట్టుకున్నాను.
రక్తం కాగితం చూసి నర్సు అంది,
డి విటమిన్ ఎనిమిది.
ఎడారిలో ఉండి ఎండ తక్కువేంటమ్మా? అన్నాను.
ఇక్కడందరికీ అంతే చేచీ, అని
తర్వాతి పేరు పిలిచింది.
వంటిల్లు, ఇస్త్రీ గది, మెట్లు, కారు.
గాజు, గాజు, గాజు.
ఆరేళ్లుగా నేనూ వెలుగుతూనే ఉన్నాను.

క్యాలెండరులో డబ్బు పంపిన తేదీలకు నీలం సున్నా,
దీపం మార్చాల్సిన తేదీకి పచ్చ సున్నా.
మిషారి అడిగాడు, ఈ మూడోదేంటి, ఎరుపుది?
నా మాత్ర, అన్నాను.

ఇప్పుడు తొమ్మిదింటికి మిద్దెక్కుతాం.
తీగల బోను, సగం మీద తడి గోనెపట్టా,
గిన్నెలో నీళ్లు.
సుర్రా ఇళ్ల మీద నీళ్ల ట్యాంకులు మెరుస్తుంటాయి.
చేతులు మోచేతుల దాకా మడుస్తాను,
ఎవరూ చూడరు.
అది మెడ కింద తిత్తి చాచి, కళ్లు మూసి
ఎండను తింటుంది.
దవడ నొక్కి చూశాను నిన్న.
గట్టిపడుతోంది, కొంచెం.

కింద మామా పిలుస్తోంది.
ఇంకో అయిదు నిమిషాలు.
గోనెపట్టా నీడ జరిగినప్పుడల్లా
అదొక అడుగు నీడలోకి,
నేనొక అడుగు ఎండలోకి.